రేవు లేని రాజ్యము

జగిత్యాల జిల్లాలోని మల్లాపూర్‌కు ఉత్తరమున గోదావరి ప్రవహించుచున్నది. ఆ నీరు తూర్పునకు సాగి బంగాళాఖాతమున కలియును. నీరు చేరినంత సులభముగా మనుష్యుడు అచ్చటికి చేరజాలడు. పటముపై సూటిగా గీటు గీచి కొలిచినను మల్లాపూర్ నుండి సముద్రతీరము సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరమున ఉన్నది. 1948 వరకు ఈ గ్రామము నిజాము ఏలిన హైదరాబాదు సంస్థానములో చేరియుండెను. ఆ సంస్థానపు వైశాల్యము సుమారు 82,000 చదరపు మైళ్లు. జనసంఖ్య కోటి అరువది లక్షలకు మించినది. దానికి స్వంత నాణెములు, స్వంత తపాలా, స్వంత రైలుమార్గములు, స్వంత సైన్యము కలవు. ఇన్నియు నున్న రాజ్యమునకు సముద్రతీరము మాత్రము ఒక్క మూరయైనను లేదు.

పూర్వకాలమున స్థితి ఇట్లుండలేదు. గోల్కొండ సుల్తానుల నాడు మచిలీపట్టణము ఆ రాజ్యమునకు ప్రధానమైన రేవు. కలంకారీ వస్త్రములు అచ్చటినుండి ఓడలనెక్కి పారసీకమునకును, ఐరోపాఖండమునకును పోయెడివి. నిజాముల కాలము వచ్చిన పిమ్మట 1759లో మచిలీపట్టణము, 1766లో ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ చేతికి దక్కెను. తీరభూమి పోయినది, రాజ్యము నాలుగు ప్రక్కల నేలచే చుట్టబడినదయ్యెను.

నిజాము కొలువులో అప్పటికి రేమాను అను ఫ్రెంచి సేనాని తీర్చిదిద్దిన సేన యొకటి యుండెను. జనులు ఆయనను మూసా రాముడని పిలిచెడివారట! హైదరాబాదులోని మూసారాంబాగు ఆయన పేరు మీదుగా వచ్చినదే. 1798లో రేమాను మరణించెను. ఆ సంవత్సరముననే నిజాము ఆంగ్లేయులతో సైన్య సహకార సంధి చేసికొని ఆ సేనను రద్దు చేసెను. సంధి యొక్క తాత్పర్యము సరళమైనది. రాజ్యమును కాపాడువారు ఆంగ్లేయులు. ఖర్చు భరించువాడు నిజాము. ఆ ఖర్చు క్రింద 1800లో బళ్లారి, అనంతపురము, కడప మొదలగు సీమలు కంపెనీకి ఈయబడెను. దత్తమండలములన్న పేరు వానికి అట్లు వచ్చినదే. 1853లో సైన్యపు బాకీ క్రింద బీరారు కూడ ఆంగ్లేయుల పాలనలోనికి పోయెను. ఇంటికి కావలివానిని కుదుర్చుకొని, జీతము చెల్లింపలేక గదులను ఒక్కటొక్కటిగా వానికే వ్రాసియిచ్చిన గృహస్థుని కథవంటిది ఇది.

ఈ అలవాటు ఇరువదవ శతాబ్దమున ఆకాశమునకు కూడ ప్రాకినది.

మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండగా ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆంగ్లేయులకు విశేషముగా ధనసహాయము చేసెను. 1918లో ఇంగ్లండునందు 110వ నంబరు స్క్వాడ్రను అను వైమానిక దళమునకు కావలసిన విమానములు ఆయన కానుకగా సమకూర్చబడెను. అవి డి.హెచ్. 9-ఎ అనబడు బాంబరులు. ఒక్క యింజనుతో నడచును; ముందు నడుపువాడు, వెనుక తుపాకి పట్టువాడు, ఇద్దరికి మాత్రమే చోటు. విమానముల ప్రక్కన అవి హైదరాబాదు నిజాము ఇచ్చిన కానుకలని వ్రాయించిరి. ఆ దళమునకు హైదరాబాదు స్క్వాడ్రను అనియే పేరు స్థిరపడెను. ఆ ఏడు ఆగస్టు నెలాఖరున దళము ఫ్రాన్సునకు పోయి, పట్టపగలు జర్మనీ పట్టణములపై బాంబులు వేసెను. పగటిదాడి ప్రమాదకరము. స్వల్పకాలములోనే పెక్కు విమానములు తిరిగిరాలేదు. 1918 అక్టోబరు 5న వానిలో నొకటి జర్మనుల చేజిక్కెను. వారు దానిని భద్రపరచి, తరువాత బెర్లినులో ప్రదర్శనకు పెట్టిరి. రెండవ యుద్ధకాలమున అది పోలండునకు చేరెను. 1977లో ఇంగ్లండువారు మార్పిడి పద్ధతిని దానిని తిరిగి సంపాదించిరి. ఇప్పుడది లండనులోని వాయుసేన మ్యూజియములో ఉన్నది. యుద్ధము చేసిన విమానము, శత్రువు చేతిలో పడి బ్రతికి, ముగ్గురి చేతులు మారి ఇల్లు చేరుట అరుదైన సంగతి.

ఆ 1918లోనే నిజామునకు ఆంగ్ల చక్రవర్తి కొత్త బిరుదములు ఇచ్చెను. బ్రిటిషు ప్రభుత్వమునకు విశ్వాసపాత్రుడగు మిత్రుడు అనునది వానిలో నొకటి. రెండవ ప్రపంచయుద్ధములో మరి రెండు దళములు, 152వదియు 253వదియు, హైదరాబాదు పేరు ధరించెను. 1940లో జర్మనీ విమానములు ఇంగ్లండుపై విరుచుకొనిపడినపుడు ఈ రెండు దళములు స్పిట్‌ఫైరు, హరికేను యుద్ధవిమానములతో వానినెదిరించెను. 152వ దళపు చిహ్నము నిజాము తలపాగా! దాని ధ్యేయవాక్యము విశ్వాసపాత్రుడగు మిత్రుడు అనునదే. లండను ఆకాశమును కాచిన విమానములపై హైదరాబాదు పేరు వెలుగుచుండగా, హైదరాబాదు ఆకాశమును కాచుటకు ఆ రాజ్యమునకు తన యుద్ధవిమానము ఒక్కటియు లేదు.

లేకపోవుట మతిమరపు వలన కలిగినది కాదు. సంధి ప్రకారము దేశరక్షణ ఆంగ్లేయుల పని. సంస్థానములు వైమానిక బలమును పెంచుకొనుట వారికి ఇష్టము కాదు. ప్రయాణీకుల విమానములకు మాత్రము అడ్డు లేదు. బేగంపేటలో విమానాశ్రయము వెలసెను. 1945లో డెక్కన్ ఎయిర్‌వేసు అను సంస్థ స్థాపింపబడి, మరుసటి సంవత్సరమునుండి డకోటా విమానములను నడిపెను. వరంగల్లు చెంత మామునూరులోను, బీదరులోను విమానములు దిగుటకు మైదానములుండెను. ఈ రెండు పేర్లను చదువరులు గుర్తుంచుకొనవలెను.

1947 ఆగస్టు 15న భారతదేశము స్వతంత్రమయ్యెను. ఆంగ్లేయులు పోవుటతో నూటయేబది సంవత్సరాల కావలి ఒక్క దినమున తొలగిపోయెను. సంస్థానములు భారతదేశములో గాని పాకిస్తానులో గాని చేరవలెనని ఏర్పాటు. నిజాము ఎందులోను చేరక స్వతంత్రుడుగా ఉండదలచెను. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో ఒక సంవత్సరమునకు యథాతథ ఒడంబడిక కుదిరెను. రక్షణ, విదేశ వ్యవహారములు, రాకపోకలు పూర్వము ఆంగ్లేయులతో ఎట్లు జరిగెనో అట్లే జరుగవలెనని దాని సారము. సంతకముల సిరా ఆరకముందే తగవులు మొదలయ్యెను. హైదరాబాదు ప్రభుత్వము పాకిస్తానునకు ఇరువది కోట్ల రూపాయల ఋణపత్రములు ఇచ్చెననియు, భారత నాణెముల చెలామణిని అరికట్టెననియు ఢిల్లీ ఆక్షేపించెను. భారతదేశము సరిహద్దుల చుట్టును దిగ్బంధము చేసినదనియు, మందులు సైతము రానీయకున్నదనియు హైదరాబాదు ఫిర్యాదు చేసెను. ఒడంబడిక ప్రకారము రావలసిన ఆయుధములు రాకపోవుట వారి మరొక మనస్తాపము.

ఈ తగవు ఇద్దరు ప్రభువుల నడుమ పొలిమేర తగవైనచో కథ వేరుగా నుండెడిది. రాజ్యములోపల ప్రజలున్నారు. వారిలో హెచ్చుమంది హిందువులు; అధికారపదవులందు వారి పాలు స్వల్పము. 1947 ఆగస్టులో స్వామి రామానందతీర్థ నాయకత్వమున స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహము మొదలుపెట్టెను. తెలంగాణపు పల్లెలలో దొరల వెట్టికి, భూమిశిస్తులకు ఎదురు తిరిగిన రైతులు కమ్యూనిస్టుల నాయకత్వమున ఆయుధములు పట్టిరి. వీరినణచుటకు ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకారుల దళములు చెలరేగెను. కరీంనగరు జిల్లాలో అనభేరి ప్రభాకరరావు తన అనుచరులతో 1948 మార్చి 14న మహమ్మదాపురం గుట్టలలో పోరాడి నేలకొరిగెను. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకారులును, నిజాము సైనికులును కలిసి పెక్కుమంది గ్రామస్థులను చంపిరి. ఇది హిందూ ముస్లిముల తగవు మాత్రమే అని తలచుట పొరపాటు. భారతదేశములో చేరుటయే మేలని తన ఇమ్రోజ్ పత్రికలో వ్రాసిన షోయబుల్లాఖాన్ ముస్లిము యువకుడే. ఆయనను 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో హత్యచేసిరి.

ఇట్టి సమయమున హైదరాబాదు ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ ఆయుధములకై వెదకెను. నేలదారులన్నియు భారతదేశము గుండ పోవును. ఓడదారి లేదు, గోవాలోని పోర్చుగీసువారి రేవును సంపాదించుటకు చేసిన యత్నములు ఫలింపలేదు. మిగిలినది ఆకాశము. సముద్రము లేని రాజ్యము ఆకాశమునే రేవుగా చేసికొనజూచెను.

ఈ పనికి కుదిరినవాడు సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు. 1894లో జన్మించినాడు. సాహసికుడు, తెలివిగలవాడు, లాభము ఎక్కడనున్న అక్కడికి పోవువాడు. మొదటి యుద్ధమున వైమానికులు ఎత్తున చలికి గడ్డకట్టి బాధపడుచుండగా, వారికై చలి సోకని నిలువుటంగీని కల్పించెను. దానికి ఆయన పేరుమీదుగానే సిడ్‌కాట్ అని పేరు. రెండవ యుద్ధమునకు ముందు 1939లో వర్తకుని వేషమున జర్మనీమీద విమానము నడుపుచు, దాని అడుగున దాచిన కెమేరాలతో రహస్యముగా చిత్రములు తీసెను. విమానమునుండి చిత్రములు తీయు విద్యకు ఆయన చేసిన మేలు గొప్పది. అదే మనుష్యుడు 1948లో హైదరాబాదునకు దొంగతనముగా ఆయుధములు చేరవేయుటకు ఒప్పుకొనెను.

కాటన్ ఎన్నుకొన్నవి లాంకాస్ట్రియన్ విమానములు. రెండవ యుద్ధములో జర్మనీపై బాంబులు వేసిన లాంకాస్టరు అను పెద్ద బాంబరును ప్రయాణములకై మార్చినచో లాంకాస్ట్రియన్ అగును. నాలుగు యింజనులు కలది. చాల దూరము నడుమ దిగక పోగలది. అందుచేత కరాచీనుండి బయలుదేరి, హైదరాబాదు రాజ్యమున సరకు దింపి, ఇక్కడ ఇంధనమునకై దేవులాడకయే తిరిగి కరాచీ చేరవచ్చును. కరాచీ నుండి బీదరునకు దూరము సుమారు 1,300 కిలోమీటర్లు. దారి భారతభూమి మీదుగా కలదు. విమానములు రాత్రివేళ వచ్చి బీదరులోను, వరంగల్లులోను దిగి, తుపాకులు, మందుగుండు దించి, తెల్లవారకముందే పోవుచుండెడివి.

పటముపై కరాచీకిని వరంగల్లుకును నడుమ గీటు గీచినచో అది సిరిసిల్ల ప్రాంతము మీదుగా పోవును. మల్లాపూరు, కోరుట్ల దానికి ఉత్తరమున మిగులును. విమానములు సరిగా ఆ గీటునే పట్టి నడచినవని దీని అర్థము కాదు. దాగి పోవువాడు తిన్నని దారిని నడువడు. ఆ మబ్బుల చాటున రాజ్యముల తగవు పోవుచుండగా క్రింద నున్నవి నేతవారి మగ్గములు, వరిమళ్లు, చెరువులు అని గ్రహించిన చాలును.

భారత వాయుసేన వీనిని ఏల అడ్డగింపలేకపోయెను? ఆ దినములలో మన వాయుసేన చిన్నది. దాని యుద్ధవిమానములలో ముఖ్యమైనవి టెంపెస్టులు. అవి వేగముగలవే, వెలుగులో శత్రువును కంటితో చూచి తరుమగలవు. చీకటిలో శత్రువును కనుగొనుటకు విమానములో రాడారు ఉండవలెను. నేలపైనను రాడారు కేంద్రములు వరుసగా ఉండి, వచ్చువాని దిక్కును, ఎత్తును క్షణక్షణము తెలుపుచుండవలెను. దక్కను పీఠభూమిపై అట్టి యేర్పాటు లేదు. ఉన్న బలములో పెద్దభాగము కాశ్మీరములో చిక్కుకొనియుండెను. 1947 అక్టోబరు 27న డకోటా విమానములలో సిక్కు సైనికులను శ్రీనగరు మైదానమున దింపుట మొదలుకొని అచ్చట వైమానికులకు విశ్రాంతి లేదు.

ఆకాశమును రేవుగా చేసికొనుట ఒక్క హైదరాబాదునకే తోచిన ఉపాయము కాదు. సరిగా ఆ నెలలలోనే, 1948 జూను చివరనుండి, ఐరోపాలో బెర్లిను నగరమునకు పోవు దారులను సోవియట్లు మూసివేసిరి. పశ్చిమ బెర్లినులోని ఇరువది లక్షల ప్రజలకు ఆంగ్లేయులు, అమెరికనులు విమానములలో బొగ్గు, గోధుమపిండి, పాలపొడి చేరవేసిరి. దిగ్బంధము 1949 మేలో ఎత్తివేయబడువరకు ఆ పని ఆగలేదు. అక్కడ పెట్రోలు మోసిన విమానములలో లాంకాస్ట్రియనులు కూడ కలవు. ఒకే రకపు విమానము ఒకచోట పొయ్యిలకు చమురు, మరియొకచోట తుపాకులకు గుండ్లు మోసినది.

బెర్లినులో సాగిన పని హైదరాబాదులో ఏల సాగలేదను ప్రశ్నకు సగము సమాధానము లెక్కలలో దొరకును. అచ్చట వందల విమానములు రేయింబవళ్లు దిగెను. వాని వెనుక రెండు గొప్ప దేశముల కర్మాగారములుండెను. ఇచ్చట ఒక అద్దె వైమానికుడు చీకటిలో వచ్చిపోయెను. తుపాకి దిగిన తోడనే సైనికుడు తయారుకాడు. విమానమును ధనమిచ్చి ఒక్క దినమున కొనవచ్చును గాని, దానిని నడుపువారు, బాగుచేయువారు, చమురు గిడ్డంగులు, విడిభాగములు, వాతావరణమును కనిపెట్టి చెప్పువారు సిద్ధమగుటకు సంవత్సరములు పట్టును. మిగిలిన సగము సమాధానము లెక్కలకు అందదు. బెర్లిను ప్రజలు ఆ విమానముల రాకకై తలలెత్తి ఎదురుచూచిరి. హైదరాబాదు సంస్థానమున తుపాకులు దిగుచున్న సంగతి వినిన పల్లెజనులు అవి తమను కాపాడుటకు వచ్చినవని నమ్మలేదు. అవి ఎవరి చేతికి పోవునో వారెరుగుదురు. రాజ్యము తన రక్షణను 1798లో కంపెనీ వద్ద కొనెను. 1948లో కాటన్ వద్ద కొనెను. ఈ నూటయేబది సంవత్సరములలో తన ప్రజలను పిలిచి, మన దేశమును మనము కాచుకొందుమా యని అడిగిన నిజాము లేడు.

కాటన్ విమానముల సంగతి లోకమునకు పొక్కెను. భారత ప్రభుత్వము లండనులో గట్టిగా ఆక్షేపించెను. ఆంగ్ల ప్రభుత్వమునకు ఇది ఇబ్బందియయ్యెను. విమానములు తమ దేశమునందు నమోదైనవి. ఎగిరినది పాకిస్తాను నుండి. దిగినది భారతదేశముతో తగవుపడుచున్న సంస్థానమున. తరువాత ఇంగ్లండులోని న్యాయస్థానము కాటనుకు జరిమానా విధించెను. ఆ రాజ్యమే కూలిపోయిన పిమ్మట ఆ జరిమానా వలన ఎవరికేమి లాభము?

ఢిల్లీలో ఆలోచనలు సాగుచుండెను. అప్పటికింకను భారత సేనాధిపతి జనరల్ బుచర్, వాయుసేనాధిపతి ఎయిర్ మార్షల్ ఎల్మ్‌హర్స్టు, ఇద్దరును ఆంగ్లేయులే. కాశ్మీరులో యుద్ధము జరుగుచుండగా దక్కనులో మరియొకటి తెచ్చుకొనినచో పాకిస్తాను విమానములు మన నగరములపై దాడి చేయవచ్చునని బుచర్ భయపడెను. ప్రధానమంత్రి నెహ్రూ శాంతిమార్గమున పరిష్కారము దొరకునేమోయని తడవు చేసిరి. ఉపప్రధాని సర్దారు పటేలు ఇక ఆలస్యము తగదనిరి. దేశమధ్యమున పరాయి విమానములు రాత్రివేళ దిగుచుండగా చూచి యూరకుండుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. ఈ వాదమునకు కాటన్ విమానములు తోడుపడెను. రాజ్యమును నిలుపుటకు తెచ్చిన తుపాకులు దాని పతనమును త్వరపెట్టినవి.

1948 సెప్టెంబరు 11న పాకిస్తాను గవర్నరు జనరల్ జిన్నా మరణించిరి. 13వ తేది తెల్లవారుజామున భారతసేనలు సరిహద్దు దాటెను. ఈ చర్యకు పోలో అని రహస్యనామము పెట్టిరి. హైదరాబాదులో పోలో ఆటస్థలములు మెండు గదా! జనులు దీనిని పోలీసుచర్య అనిరి. ముఖ్యదళము మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి ఆధిపత్యమున షోలాపురము నుండి కదలెను. మరియొక దళము విజయవాడ వైపు నుండి సూర్యాపేట దారిని వచ్చెను. టెంపెస్టు విమానములు పుణె మొదలగు స్థావరములనుండి ఎగిరి, సేనల ముందున్న అడ్డంకులను చెదరగొట్టెను. బీదరు, వరంగల్లు విమానాశ్రయములపై బాంబులు వేసి వానిని పనికిరాకుండ చేసెను. దిగుబాట గుంటలు పడినచో ఎంత గొప్ప విమానమైనను దిగజాలదు. రాత్రుల కొలది తెరచియున్న రేవు ఆ దెబ్బతో మూతపడెను.

హైదరాబాదు సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ వద్ద సుమారు 22,000 మంది సైనికులు కలరు. ఆకాశమున తమ పక్షపు విమానము ఒక్కటియు లేని సైన్యమునకు పగలు దారి నడచుటయే కష్టము. పాకిస్తాను నుండి సహాయము రాగలదని కొందరు ఆశించిరి. అచ్చటి ప్రధాని లియాకత్ అలీఖాన్ రక్షణ సంఘ సమావేశములో, ఢిల్లీపై బాంబులు వేయుటకు వీలగునా అని తమ వాయుసేనలోని ఆంగ్ల అధికారి ఎల్‌వర్తీని అడిగిరనియు, దేశములోని బాంబరులు నాలుగు, వానిలో నడచునవి రెండు, ఒకటి ఢిల్లీ చేరిన చేరవచ్చును గాని ఏదియు తిరిగి రాదని ఆయన చెప్పెననియు చరిత్రకారులు వ్రాసిరి. ఎల్‌వర్తీ తరువాతికాలమున ఇంగ్లండు వాయుసేనకే అధిపతియైనవాడు. తెలియనిది తెలియనట్లు, లేనిది లేనట్లు చెప్పిన ఆ ఒక్క మాట ఆనాడు రెండు కొత్త దేశముల నడుమ ఘోరమైన యుద్ధమును తప్పించినదన్న ఆశ్చర్యము లేదు.

సెప్టెంబరు 16న పారిస్ నగరములో భద్రతామండలి హైదరాబాదు ఫిర్యాదును విచారణకు తీసికొనెను. మరునాడు నిజాము కాల్పులు ఆపవలసినదిగా ఆజ్ఞ ఇచ్చెను. 18వ తేదిన ఎల్ ఎద్రూస్ హైదరాబాదు పొలిమేరలో చౌధురికి లొంగిపోయెను. కొద్దిదినములకే నిజాము భద్రతామండలికి తంతి పంపి ఫిర్యాదును ఉపసంహరించుకొనెను. ఈ విధముగా మల్లాపూరు మొదలుకొని రాయచూరు వరకు గల పల్లెలు భారతదేశమున చేరెను.

విజయము కలిగినచోట దుఃఖము లేదనుకొనరాదు. పోలీసుచర్య సమయమునను, ఆ పిమ్మటను, ముఖ్యముగా మరాఠీ, కన్నడ జిల్లాలలో ఏ పాపము నెరుగని ముస్లిములు వేలకొలది చంపబడిరి. ప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్ సంఘము మృతుల సంఖ్య 27,000 మొదలు 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసెను. ఆ నివేదిక 2013 వరకు చదువరులకు అందుబాటులోనికి రాలేదు. అంతకుముందు రజాకారులు చేసిన ఘాతుకములను చెప్పి దీనిని విడుచుటయు, దీనిని చెప్పి వానిని విడుచుటయు, రెండును చరిత్ర కాదు.

డెక్కన్ ఎయిర్‌వేసు డకోటాలు మరికొన్ని యేండ్లు ఎగిరి, 1953లో విమాన సంస్థలు జాతీయము చేయబడినపుడు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. హైదరాబాదు పరిసరములు క్రమముగా భారత వాయుసేన శిక్షణకు కూడలియయ్యెను. 1967 అక్టోబరు 11న దుండిగల్‌లో వాయుసేన అకాడమీకి రాష్ట్రపతి జాకిర్ హుసేన్ శంకుస్థాపన చేసిరి. ఆయన హైదరాబాదులో పుట్టినవారే. 1971లో అకాడమీ పని ప్రారంభమయ్యెను. దేశము నలుమూలలనుండి వచ్చిన యువకులు నేడు అచ్చట అధికారులగుచున్నారు. వారి జీతమునకై ఏ సీమను ఎవరికిని వ్రాసియిచ్చుట లేదు.

మామునూరు మైదానమున విమానములు దిగుట ఏనాడో ఆగిపోయెను. దానిని పునరుద్ధరించుటకు 2025లో కేంద్రప్రభుత్వము అనుమతి ఇచ్చినది. బీదరు కథ వేరు. కాటన్ చీకటిలో దిగిన ఆ పట్టణమున ఇప్పుడు వాయుసేన వారి పెద్ద శిక్షణకేంద్రమున్నది. దుండిగల్‌లో ఆరితేరిన వైమానికులు యుద్ధవిమానములెక్కుటకు ముందు బీదరులో హాక్ జెట్టు విమానములపై అభ్యాసము చేయుదురు. 2016 జూను 18న దుండిగల్‌లో పట్టము పొందిన అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు భారతదేశమున మొదటి మహిళా యుద్ధవైమానికులు. వారును హాక్ విమానములు నడుపనేర్చినది బీదరులోనే.